వెలుగుల వేడుకకు వెళ్లే ముందు.. తిరుగుదారే తొలి ప్రశ్న

న్యూయార్క్‌లో జులై 4 బాణసంచా: చూడబోయే తెలుగు కుటుంబాలు గమనించవలసిన అంశాలు

సంక్రాంతికి సొంతూరు, వేసవికి అమెరికా అన్నది జిల్లాల్లో ఎన్నో ఇళ్లలో మామూలు మాటగా మారిపోయింది. మే, జూన్ నెలల్లో కొడుకు వద్దకో కూతురి వద్దకో వెళ్లిన తల్లిదండ్రులకు నయాగరా, స్టాచ్యూ ఆఫ్ లిబర్టీల తరువాత పిల్లలు తప్పక చూపించాలనుకునే విశేషం మరొకటి ఉంది. అది అమెరికా స్వాతంత్య్ర దినమైన జులై 4 రాత్రి జరిగే బాణసంచా ప్రదర్శన. న్యూజెర్సీలోని ఎడిసన్, ఐసెలిన్, జెర్సీసిటీ ప్రాంతాల్లో పెద్దసంఖ్యలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు న్యూయార్క్ నగరం కూతవేటు దూరమే. దీపావళికి వీధి చివర కాల్చే టపాసులే చూసిన కళ్లకు నది మీద నుంచి వేల సంఖ్యలో లేచే తారాజువ్వలు ఒక అద్భుతం. అందులో సందేహం లేదు.

అయితే ఆ అద్భుతం వయసు సుమారు 25 నిమిషాలు మాత్రమే. దానికోసం నాలుగైదు గంటల ముందే చేరుకోవాలి. అది ముగిసిన మరుక్షణంలో లక్షల మంది ఒకేసారి ఇంటిముఖం పడతారు. ఇంతటి వేడుకల్లో జరిగిన ఘోర ప్రమాదాలను పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ప్రాణాలు తీసింది ఎక్కువగా ఆకాశంలోని నిప్పు కాదు, నేల మీది ఇరుకు దారి. అందువల్ల ఎక్కడ నిలబడితే బాగా కనిపిస్తుంది అన్న ప్రశ్న కన్నా, అక్కడి నుంచి ఎలా బయటపడాలి అన్న ప్రశ్నే ముందుగా వేసుకోవాలి. మిగిలిన జాగ్రత్తలన్నీ దీని తరువాతివే.

ఏటా మారే వేదిక

జులై 4న బాణసంచా కాల్చే ఆచారం అమెరికా అంత పాతది. స్వాతంత్య్ర ప్రకటన వెలువడిన మరుసటి ఏడాదే, 1777లో, ఫిలడెల్ఫియాలో బాణసంచా వెలిగించారు. న్యూయార్క్‌లో మేసీస్ అనే పేరుగాంచిన దుకాణ సంస్థ ఈ ప్రదర్శనను 1976లో, అంటే స్వాతంత్య్రానికి 200 ఏళ్లు నిండిన సందర్భంలో ప్రారంభించింది. 2026 జులై 4తో ఆ లెక్క 250 ఏళ్లకు చేరుతుంది. మందుగుండును నేల మీద కాకుండా నదిలో లంగరు వేసిన బల్లకట్టుల వంటి భారీ పడవల నుంచి, కంప్యూటర్ల సాయంతో సంగీతానికి అనుగుణంగా పేలుస్తారు. చీకటి పడ్డాక, రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో ఇది మొదలవుతుంది. జులై మొదట్లో అక్కడ సూర్యాస్తమయమే ఎనిమిదిన్నరకు అన్న సంగతి కొత్తగా వెళ్లినవారు గుర్తుంచుకోవాలి.

మన వాళ్లు తరచు పొరబడేది వేదిక విషయంలో. న్యూయార్క్‌లోని మన్‌హటన్ దీవికి పడమట హడ్సన్ నది, తూర్పున ఈస్ట్ రివర్ ఉన్నాయి. హడ్సన్‌కు ఆవలి ఒడ్డే న్యూజెర్సీ. 2009 నుంచి 2013 వరకు ప్రదర్శన హడ్సన్ నదిపై జరిగింది. 2014లో ఈస్ట్ రివర్‌కు మారింది. 2024లో మళ్లీ హడ్సన్‌కు వచ్చింది. 2025లో బ్రూక్లిన్ వంతెన వద్ద ఈస్ట్ రివర్‌కు తిరిగి వెళ్లింది. ఈ మార్పు కాగితం మీద చిన్నదిగా కనిపించినా ప్రేక్షకుడికి చాలా పెద్దది. హడ్సన్‌పై జరిగిన ఏడాది హోబోకెన్, వీహాకెన్ ఒడ్డుల నుంచి హాయిగా చూసిన కుటుంబం, మరుసటి ఏడాది అదే చోట నిలబడితే మధ్యలో మన్‌హటన్ ఆకాశహర్మ్యాలు తప్ప మరేమీ కనిపించవు. నిరుడు చూసిన చోటే ఈ ఏడూ చూద్దాం అన్న ధోరణి ఇక్కడ పనికిరాదు. ప్రదర్శనకు ముందు నగర పాలక సంస్థ, పోలీసు శాఖ ప్రకటించే ప్రవేశ మార్గాలు, మూసివేసే రహదారుల వివరాలను ఆ ఏడాదికి ఆ ఏడాది చూసుకోవలసిందే. కొన్ని ప్రదేశాలకు ముందుగా ఉచిత టిక్కెట్లు ఇచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి. 2024లో అలాగే జరిగింది.

వేదిక మార్పు కేవలం నిరాశకు సంబంధించిన విషయం కాదు. చైనాలోని షాంఘై నగరంలో 2014 డిసెంబరు 31 రాత్రి నూతన సంవత్సర వేడుకల్లో జరిగిన తొక్కిసలాటలో 36 మంది ప్రాణాలు కోల్పోయారు. ఏటా నదీతీరంలో జరిగే దీపకాంతుల ప్రదర్శనను ఆ ఏడాది వేరే చోటికి మార్చారు. ఆ సమాచారం జనానికి సరిగా చేరలేదు. అలవాటుగా పాత చోటికే వచ్చిన జనం తీరంలోని మెట్లదారిలో, ఎక్కేవారు దిగేవారు ఎదురుపడి, చిక్కుకుపోయారు. లేని ప్రదర్శన కోసం వచ్చి అన్ని ప్రాణాలు పోయాయి.

ముందు వరస మోజు

తిరునాళ్లలోనైనా, సినిమా హాలు వద్దనైనా, దైవదర్శనానికైనా ముందుకు వెళ్లాలన్నది మన అలవాటు. బాణసంచా విషయంలో ఈ అలవాటుకు అర్థం లేదు. దీన్ని తయారు చేసేదే దూరం నుంచి చూడడానికి. గొట్టాల్లో నింపి పైకి పేల్చే మందుగుండు గోళాలు వాటి వ్యాసంలో ప్రతి అంగుళానికి సుమారు వంద అడుగుల ఎత్తుకు లేస్తాయన్నది ఈ వృత్తిలో ఉన్నవారు పాటించే మోటు లెక్క. ఆరంగుళాల గోళం 600 అడుగులు, పదంగుళాల గోళం వెయ్యి అడుగుల ఎత్తున విచ్చుకుంటుంది. వెయ్యి అడుగుల ఎత్తున విచ్చుకునే పువ్వును చూడడానికి నది గట్టున ఇనుప కంచెకు ఆనుకుని నిలబడనవసరం లేదు. అక్కడ నిలబడితే మెడ వెనక్కి వాల్చి చూడవలసి వస్తుంది. అరకిలోమీటరు, కిలోమీటరు వెనక్కి, అడ్డంకులు లేని చోట నిలబడితే మొత్తం దృశ్యం ఒక్క చూపులో అందుతుంది. ఎత్తయిన భవనాలు, చెట్లు, వంతెన స్తంభాలు అడ్డు లేకపోవడమే ముఖ్యం. దగ్గర అన్నది ముఖ్యం కాదు.

దూరానికి భద్రత కోణం కూడా ఉంది. అమెరికాలో అగ్నిమాపక ప్రమాణాల ప్రకారం గోళం వ్యాసంలో ప్రతి అంగుళానికి కనీసం 70 అడుగుల చొప్పున ప్రేక్షకులను దూరంగా ఉంచాలి. పదంగుళాల గోళానికి 700 అడుగులన్న మాట. ఇంత కఠినంగా ఎందుకన్నది గత ఉదంతాలే చెబుతాయి. 2012 జులై 4న శాన్‌డియాగోలో కంప్యూటర్ వ్యవస్థలోని లోపం వల్ల పావుగంటకు పైగా సాగవలసిన ప్రదర్శన మొత్తం కొద్ది సెకన్లలోనే ఒక్కసారిగా పేలిపోయింది. మందుగుండు నీటి మీద, జనానికి దూరంగా ఉన్నందున ఎవరికీ హాని జరగలేదు. మరుసటి ఏడాది అదే రోజున కాలిఫోర్నియాలోనే సీమీ వ్యాలీ అనే ఊళ్లో గొట్టాల చట్రం ఒరిగిపోయి గోళాలు జనం వైపు దూసుకువచ్చాయి. పాతిక మందికి పైగా గాయపడ్డారు. మన దేశంలో కేరళలోని కొల్లం జిల్లా పుట్టింగల్ దేవాలయంలో 2016 ఏప్రిల్ 10 తెల్లవారుజామున మందుగుండు నిల్వ పేలి వంద మందికి పైగా చనిపోయారు. దగ్గరగా గుమిగూడిన జనం మీదికి భవన శకలాలు ఎగిరి పడ్డాయి. ఈ మూడింటిలో ప్రాణానికీ ప్రమాదానికీ మధ్య ఉన్నది దూరం ఒక్కటే.

ఎంత దూరంలో ఉన్నామో తెలుసుకోవడం కూడా సులువే. మెరుపు కనిపించాక చప్పుడు వినిపించే వరకు సెకన్లు లెక్కపెట్టాలి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. మూడు సెకన్లు పడితే కిలోమీటరు దూరం. సెకను లోపే వినిపిస్తే మూడు వందల మీటర్ల లోపు ఉన్నట్లు. మనుమలకు ఈ లెక్క నేర్పితే వేడుకతో పాటు ఒక పాఠమూ అవుతుంది.

గాలివాటు, పొగ, చప్పుడు

మంచి చోటును నిర్ణయించేది చాలావరకు గాలి. మొదటి ఐదు నిమిషాలు ఆకాశం తేటగా ఉంటుంది. ఆ తరువాత పేలిన ప్రతి గోళమూ వదిలిన పొగ పేరుకుపోతుంది. గాలి ప్రేక్షకుడి వైపు వీస్తే పొగ మొత్తం అతని మీదికే వస్తుంది. చివరి నిమిషాల్లో, ప్రదర్శనకు పతాకస్థాయి అనదగిన ఘట్టంలో, మబ్బుల వెనుక మెరుపుల్లా రంగులు మసకబారిపోతాయి. గాలి వీపు వైపు నుంచి వీచే చోటు ఎంచుకున్నవారికి పొగ అవతలికి పోతుంది. బయలుదేరే ముందు వాతావరణ సూచనలో గాలి దిశ చూసుకోవడానికి నిమిషం చాలు. ఉబ్బసం, శ్వాసకోశ ఇబ్బందులు ఉన్న పెద్దలకు ఇది కేవలం దృశ్యానికి సంబంధించిన విషయం కాదు. వారు వాడే ఇన్‌హేలర్ చేతి సంచిలో కాదు, జేబులో ఉండాలి.

చప్పుడు రెండో సమస్య. పెద్దలు తట్టుకునే శబ్దాన్ని పసిపిల్లల చెవులు తట్టుకోలేవు. తొలిసారి మనుమడిని చూసేందుకు వెళ్లిన తాతయ్య, నాయనమ్మలు ఆ పసివాడిని ఎత్తుకుని గట్టున నిలబడడం ముచ్చటగానే ఉంటుంది. కాని ఆకాశహర్మ్యాల మధ్య చప్పుడు ప్రతిధ్వనించి మరింత పెరుగుతుంది. పిల్లల చెవులను పూర్తిగా కప్పే రక్షణ తొడుగులు అక్కడి దుకాణాల్లో దొరుకుతాయి. అవి లేనప్పుడు దూరమే ఉత్తమ రక్షణ. వినికిడి యంత్రం వాడే పెద్దలు ఆ కొద్దిసేపు దాని శబ్దస్థాయిని తగ్గించుకోవడం మేలు.

నిరీక్షణే అసలు పరీక్ష

జులై మొదటి వారం న్యూయార్క్‌లో ఎండాకాలం. మన ఎండలకు అలవాటుపడినవారు దాన్ని లెక్కచేయరు. అయితే నీడ లేని కాంక్రీటు రహదారి మీద నాలుగైదు గంటలు నిలబడడం వేరు. ఈస్ట్ రివర్ ప్రదర్శన జరిగే ఏడాదుల్లో తీరం వెంట సాగే ఎఫ్‌డీఆర్ డ్రైవ్ అనే రహదారిపై వాహనాలను నిలిపివేసి ప్రేక్షకులను అనుమతిస్తారు. నిర్ణీత ప్రవేశ మార్గాల వద్ద తనిఖీ ఉంటుంది. పెద్ద సంచులు, మడత కుర్చీలు, మద్యం వంటివి లోపలికి అనుమతించరు. స్థలం నిండిందని పోలీసులు భావిస్తే ఆ మార్గాన్ని మూసివేస్తారు. ఒకసారి బయటికి వస్తే మళ్లీ అదే చోటుకు చేరుకోవడం కష్టం.

అరవై దాటిన వ్యక్తికి ఈ నిబంధనల అర్థం వేరుగా ఉంటుంది. కూర్చోవడానికి కుర్చీ లేదు. మరుగుదొడ్డికి వెళ్తే చోటు పోతుంది. ఆ భయంతో నీళ్లు తాగడం మానేస్తారు. మధుమేహం ఉన్నవారు వేళకు తినకపోతే చక్కెర పడిపోతుంది. రక్తపోటుకు మాత్ర వేసుకుని ఎండలో నిలబడితే కళ్లు తిరుగుతాయి. అక్కడ ఆసుపత్రి ఖర్చు ఎంతన్నది అందరికీ తెలిసిందే. సందర్శకులకు ఇచ్చే చాలా బీమా పథకాలు అంతకుముందే ఉన్న జబ్బులకు పూర్తిగా వర్తించవు. పైకి చెప్పుకోకపోయినా, పిల్లలను ఇబ్బంది పెట్టకూడదని ఓర్చుకునే తల్లిదండ్రులే ఎక్కువ. అమ్మా, కాళ్లు నొప్పిగా ఉన్నాయా అని అడిగితే లేదు నాన్నా అనే సమాధానమే వస్తుంది. కాబట్టి నిర్ణయం వారు నోరు తెరిచి అడిగే దాకా ఆగకూడదు.

ఇటువంటి కుటుంబాలకు మెరుగైన మార్గం ఒకటుంది. న్యూజెర్సీలోని అనేక చిన్న పట్టణాలు జులై 4కు అటూఇటూగా తమ సొంత బాణసంచా ప్రదర్శనలు నిర్వహిస్తాయి. పార్కులోనో పాఠశాల మైదానంలోనో జరిగే వీటికి సాధారణంగా కుర్చీలు, చాపలు తీసుకువెళ్లవచ్చు. కారు దగ్గరలోనే నిలుపుకోవచ్చు. అది ఊరి తిరునాళ్లలా ఉంటుంది. మహానగర ప్రదర్శన అంత భారీగా ఉండకపోవచ్చు గాని ముసలి కాళ్లకు, పసి చెవులకు అది చాలు. న్యూయార్క్ ప్రదర్శనను ఎన్‌బీసీ టెలివిజన్ ప్రత్యక్షంగా ప్రసారం చేస్తుంది. ఇంట్లో కూర్చుని చూడడాన్ని తక్కువగా భావించవలసిన పని లేదు.

వెళ్లడానికే నిశ్చయించుకున్నవారు వెంట ఉంచుకోవలసినవి ఎక్కువేమీ కావు. నీళ్ల సీసా, కొద్దిగా తినుబండారం, ఆ పూట మందులు, ఫోనుకు అదనపు ఛార్జర్, పలుచని వాన కోటు చాలు. కాళ్లకు పట్టీ ఉన్న చెప్పులు లేదా బూట్లు వేసుకోవాలి. గుంపులో చెప్పు జారితే దాని కోసం వంగడమే పెద్ద ప్రమాదం. చీర కుచ్చిళ్లు కాళ్లకు అడ్డుపడతాయి కాబట్టి ఆ ఒక్క పూటకు పంజాబీ దుస్తులు సౌకర్యంగా ఉంటాయి. ఇంగ్లిషు ధారాళంగా రాని పెద్దల జేబులో ఇంటి చిరునామా, పిల్లల ఫోను నంబర్లు రాసిన చీటీ తప్పక ఉండాలి. లక్షల ఫోన్లు ఒకేసారి పనిచేసే చోట నెట్‌వర్కు మొరాయించడం మామూలే. ఒకరినొకరు తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోవాలి. ఆ చోటు నది గట్టున కాకుండా, నాలుగు వీధుల అవతల అందరికీ తెలిసిన దుకాణమో కూడలో అయితే మంచిది. అత్యవసరంలో 911కు ఫోను చేయాలన్నది పెద్దలందరికీ ముందే చెప్పి ఉంచాలి.

చివరి చప్పుడు తరువాత

అసలు ప్రమాద ఘడియలు ప్రదర్శన ముగిశాకే మొదలవుతాయి. జనం వచ్చేటప్పుడు మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు విడతలుగా వస్తారు. వెళ్లేటప్పుడు మాత్రం ఒక్క నిమిషంలో అందరూ లేస్తారు. లెక్క వేసి చూస్తే పరిస్థితి తెలుస్తుంది. ఒక సబ్‌వే రైలులో సుమారు వెయ్యి మంది ఎక్కగలరనుకుంటే, లక్ష మందిని తరలించడానికి వంద రైళ్లు కావాలి. ఐదు నిమిషాలకో రైలు నడిచినా ఒక దారిలో గంటకు పన్నెండే వెళ్తాయి. నాలుగు దారులున్నా రెండు గంటలు పడుతుంది. ఈలోపు స్టేషను మెట్ల వద్ద జనం పేరుకుపోతూనే ఉంటారు. అక్కడి నుంచి న్యూజెర్సీకి వెళ్లవలసినవారు మళ్లీ పెన్ స్టేషనులోనో, పాత్ రైళ్ల వద్దనో అదే రద్దీని రెండోసారి ఎదుర్కోవాలి.

జపాన్‌లోని అకాషి నగర ఉదంతం ఈ విషయంలో కళ్లు తెరిపించేది. 2001 జులై 21 రాత్రి అక్కడి సముద్రతీరంలో బాణసంచా ఉత్సవం జరిగింది. రైల్వే స్టేషను నుంచి తీరానికి వెళ్లడానికి ఒక పాదచారుల వంతెన ఉంది. ప్రదర్శన ముగిసి స్టేషను వైపు తిరిగివచ్చే జనం, ఇంకా తీరం వైపు వెళ్తున్న జనం ఆ వంతెన మీద ఎదురుపడ్డారు. వంతెన చివర మెట్లు వంతెన కన్నా ఇరుకు. మధ్యలో ఉన్నవారు ముందుకు కదలలేక, వెనక్కి పోలేక నలిగిపోయారు. 11 మంది చనిపోయారు. వారిలో తొమ్మిది మంది పిల్లలు. మిగిలిన ఇద్దరు వృద్ధ మహిళలు. వేడుక చూడడానికి ఎవరిని ముచ్చటపడి తీసుకువెళ్తామో, వారే మొదట బలయ్యారు.

ఈ లెక్క తెలిసినవారు మూడు మార్గాల్లో ఒకటి ఎంచుకుంటారు. మొదటిది, ముగింపు ఘట్టం మొదలు కాకముందే, అంటే ఐదారు నిమిషాల ముందుగా బయలుదేరడం. వెనక్కి తిరిగి చూస్తూ నడిచినా పైన వెలుగులు కనిపిస్తూనే ఉంటాయి. రెండోది, ముగిశాక ముప్పావు గంట అక్కడే, లేదా దగ్గరలోని తెరిచి ఉన్న హోటల్లో కూర్చుని జనం పలుచబడ్డాక కదలడం. మూడోది, అన్నిటికన్నా దగ్గరి స్టేషనును వదిలి, పదిహేను ఇరవై నిమిషాలు నడిచి తరువాతి స్టేషనులో రైలెక్కడం. ముగ్గురు నలుగురు పెద్దలు, పసిపిల్లలు ఉన్న కుటుంబానికి రెండో మార్గమే క్షేమం. ఏది ఎంచుకున్నా బయలుదేరే ముందే నిర్ణయం జరగాలి. గుంపు మధ్యలో నిలబడి, చంకలో నిద్రపోతున్న బిడ్డతో చర్చించుకునే విషయం కాదది. తిరుగు టిక్కెట్టు వచ్చేటప్పుడే తీసుకోవాలి. చివరి రైలు ఎన్ని గంటలకో తెలిసి ఉండాలి.

గుంపు నీరులా మారితే

చదరపు మీటరు చోటులో నలుగురున్నంత వరకు జనం మెల్లగానైనా కదలగలుగుతారు. ఐదుగురు దాటితే ప్రమాదం మొదలవుతుంది. ఆరేడుగురికి చేరితే మనిషి తన ఇష్టం మేరకు కదిలే స్థితి పోతుంది. గుంపు నీరులా ప్రవర్తిస్తుంది. ఎక్కడో వెనుక పుట్టిన తోపు అలలా వచ్చి ముందున్నవారిని అదుముతుంది. తొక్కిసలాట అని పేరుపడిన ఘటనల్లో చాలామంది కాళ్ల కింద నలిగి కాదు, నిలబడిన చోటే ఛాతీ అదిమి ఊపిరాడక చనిపోతారన్నది ఈ విషయాన్ని అధ్యయనం చేసినవారు చెప్పే మాట. వెనుక ఉన్నవారికి ముందు ఏం జరుగుతోందో తెలియదు. వారు దుర్మార్గులు కారు. తెలియక ఒక్కడుగు వేస్తారు, అంతే.

ప్రమాదం ముంచుకొచ్చే ముందు శరీరమే హెచ్చరిస్తుంది. రెండు వైపులా భుజాలు పక్కవారికి తగులుతున్నా నడక సాగుతుంటే ఫరవాలేదు. నాలుగు వైపులా ఒత్తిడి తెలిసి, చేతిని ముఖం దాకా ఎత్తడం కష్టమైతే వెంటనే అక్కడి నుంచి తొలగాలి. అప్పటికి ఇంకా అవకాశం ఉంటుంది. అలలా ఊగడం మొదలయ్యాక బయటికి రావడం చాలా కష్టం. అటువంటప్పుడు చేతులు రెండూ మడిచి ఛాతీకి ముందు కాస్త ఎడంగా పెట్టుకోవాలి. ఊపిరి ఆడేందుకు అదే చోటు. ఎదురు తోయకూడదు. తోపు తగ్గిన క్షణంలో ఏటవాలుగా పక్కకు అడుగులు వేస్తూ అంచుకు చేరాలి. గోడలకు, కంచెలకు ఆనుకోకూడదు. కిందపడిన ఫోను కోసమో సంచి కోసమో వంగకూడదు. చిన్నపిల్లలను నేల మీద నడిపించకుండా ఎత్తుకోవాలి. కేకలు వేసి ఊపిరి వృథా చేసుకోకూడదు. పిల్లల తోపుడు బండ్లు ఇటువంటి చోటికి తేకపోవడమే మంచిది.

బాధ్యత ఎవరిది?

ఇన్ని జాగ్రత్తలు చెప్పినంత మాత్రాన భారమంతా ప్రేక్షకుడి మీద వేయడం న్యాయం కాదు. గుంపులో ఉన్న మనిషికి తన చుట్టూ ఉన్న పదిమందే కనిపిస్తారు. దారి మొత్తం, జనం మొత్తం కనిపించేది నిర్వాహకులకు, పోలీసులకు మాత్రమే. అకాషి ప్రమాదంపై కోర్టులు సరిగ్గా ఇదే దృష్టితో చూశాయి. ఆనాటి భద్రతకు బాధ్యులైన పోలీసు అధికారి, నగర పాలక సంస్థ అధికారులు, ప్రైవేటు భద్రతా సంస్థ ప్రతినిధి నిర్లక్ష్యానికి దోషులుగా తేలారు. ఆ తరువాత అక్కడ గుంపుల నియంత్రణను ప్రత్యేక శిక్షణ అవసరమైన పనిగా గుర్తించారు.

తెలుగు నేలకు ఈ పాఠం పరాయిది కాదు. 2015 జులై 14న గోదావరి పుష్కరాల తొలి రోజు ఉదయం రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ వద్ద జరిగిన తొక్కిసలాటలో 27 మంది మరణించారు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వేచి ఉన్నవారిలో ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. ఒకటి నదీస్నానం, మరొకటి టోకెన్ల వరస. బాణసంచా కాదు, పరదేశం కాదు. అయినా కారణం మాత్రం అదే. ఒకే చోటికి, ఒకే ఘడియకు అందరూ చేరడం. లోపలికి ఉన్నంత దారి బయటికి లేకపోవడం. గోదావరి పొడవునా గోదావరే. పుష్కరం పన్నెండు రోజులు. అయినా ఒక్క ఘాటు, ఒక్క ముహూర్తం కోసం జనం పోటెత్తారు. వెయ్యి అడుగుల ఎత్తున వెలిగే బాణసంచాను గట్టు అంచునే నిలబడి చూడాలనుకోవడం కూడా అటువంటి పొరపాటే. 2027 మళ్లీ గోదావరి పుష్కరాల ఏడాది. జనాన్ని ఎలా రప్పించాలన్న ఏర్పాట్ల కన్నా ఎలా పంపించాలన్న ఏర్పాట్లకే అధికారులు ఎక్కువ సమయం వెచ్చించవలసి ఉంటుందని పై ఉదంతాలన్నీ చెబుతున్నాయి.

వేడుకలు వద్దని ఎవరూ అనరు. ఏడాదికొకసారి కన్నవారిని చూసే పిల్లలు, జీవితంలో ఒకసారి సముద్రాలు దాటి వెళ్లే పెద్దలు కలిసి ఆకాశం వైపు తలెత్తి చూసే ఆ పాతిక నిమిషాలకు వెల కట్టలేం. కావలసింది కొంచెం వెనక్కి నిలబడే ఓపిక, చివరన కొద్దిసేపు ఆగే నిదానం. బయలుదేరే ముందు ఇంట్లో అందరూ కూర్చుని చోటు, గాలి, మందులు, కలుసుకునే కూడలి, తిరుగు రైలు అన్న ఐదు మాటలు అనుకుంటే చాలు. వెలుగులు ఎంత దూరం నుంచైనా కనిపిస్తాయి. వాటిని చూసిన కళ్లు క్షేమంగా ఇల్లు చేరడమే ముఖ్యం.